పొణికి కర్రకు పిల్లి మీసాలు

పిల్లిని ప్రాణంగా చూసుకునేవాళ్లకు ఏం కానుక ఇవ్వాలి? ఖరీదైన దుకాణం అక్కర్లేదు, దూరదేశం నుంచి పార్సిలూ అక్కర్లేదు. తిరువూరు నుంచి బెజవాడ వెళ్లే దారిలో, పెరట్లో ఎండే టెంకల్లో, రోడ్డు పక్కన మొలిచే కలుపు మొక్కలో కూడా మార్జాల కానుకలున్నాయి.

పుట్టినరోజు పిలుపు వచ్చింది. వెళ్లాల్సిన ఇంట్లో పిల్లి ఉంది. మెత్తటి కుర్చీ దానిదే, ఎండ పడే కిటికీ దానిదే, ఆ ఇంటివాళ్ల ఫోన్ల నిండా ఫొటోలూ దానివే. అలాంటి ఇంటికి ఫ్లాస్కో, గోడగడియారమో పట్టుకెళ్తే ఇచ్చామన్న మాట మిగులుతుంది. వేలెడంత వస్తువైనా సరే, అందులో పిల్లి కనిపిస్తే మాత్రం పుచ్చుకున్నవాళ్ల ముఖం విప్పారుతుంది. ‘నా ఇష్టాన్ని వీళ్లు గమనించారు’ అన్న సంతోషం అది.

అలాంటి వస్తువులు ఇప్పుడు దొరక్కపోవు. పిల్లి చెవులున్న కాఫీ కప్పులు, పిల్లి ముఖం అచ్చేసిన సంచులు, చేయి ఊపుతూ కూర్చునే బంగారు రంగు ప్లాస్టిక్ పిల్లులు ఫోన్‌లో వేలితో నొక్కితే ఇంటికొచ్చేస్తాయి. వీటిలో చాలావరకు ఎక్కడో యంత్రం మీద వేల సంఖ్యలో ఒకేలా పోతపోసినవి. ధర తక్కువే. కానీ ఆ పిల్లి మన గోడలు ఎక్కలేదు, మన ఉట్టి కింద కూర్చోలేదు. మన ఇళ్లలో తిరిగే పిల్లి మన కళాకారుల చేతుల్లో బొమ్మ కావాలి. అది అందరికీ అందే ధరలో ఉండాలి. చేసినవాళ్లకు కూలి గిట్టాలి. ఈ మూడూ ఒకచోట కుదురుతాయన్నదే ఈ కథనం.

కొనే ఊరూ, చేసే ఊరూ

తిరువూరు ఎన్టీఆర్ జిల్లాకు అంచున ఉన్న పట్టణం. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడే దాకా కృష్ణా జిల్లాలో భాగం. కాస్త ముందుకెళ్తే తెలంగాణ. చుట్టుపక్కల మామిడి తోటలు. ఊరి మీదుగా పోయే 30వ నంబరు జాతీయ రహదారి ఎక్కడో ఉత్తరాఖండ్‌లోని సితార్‌గంజ్‌లో బయల్దేరి, ఛత్తీస్‌గఢ్ అడవులు దాటి, భద్రాచలం మీదుగా తిరువూరు చేరుతుంది. ఇక్కణ్నుంచి ఎ.కొండూరు, మైలవరం, కొండపల్లి మీదుగా వెళ్లి ఇబ్రహీంపట్నం దగ్గర ముగుస్తుంది.

అంటే కానుక కొనాలనుకునే తిరువూరునూ, దేశానికి బొమ్మలు చేసిపెట్టే కొండపల్లినీ ఒకే రోడ్డు కలుపుతోంది. విజయవాడ బస్సెక్కిన ప్రతిసారీ ఆ బొమ్మల ఊరిని దాటుకుంటూనే పోతాం.

ఇక పిల్లి సంగతి. ధాన్యం ఉన్నచోట ఎలుక, ఎలుక ఉన్నచోట పిల్లి. మనిషికీ పిల్లికీ స్నేహం కుదిరింది ఈ లెక్క మీదే. సైప్రస్ దీవిలో దాదాపు 9,500 ఏళ్ల కిందటి ఒక సమాధిలో మనిషి పక్కనే పిల్లినీ పూడ్చిన ఆనవాళ్లు దొరికినట్టు 2004లో పురావస్తు శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆ దీవికి పిల్లులు తమంతట తాము ఈదుకుంటూ రాలేవు. మనుషులే పడవల్లో వెంట తెచ్చుకున్నారు. వ్యవసాయం నేర్చిన తొలినాళ్లలోనే గింజను కాపాడే నేస్తంగా పిల్లి ఇంట చేరిందన్నమాట. మన పల్లెల్లో గాదెలూ పురులూ ఉన్నన్నాళ్లూ పిల్లి చేసింది ఆ కాపలా పనే. మన బొమ్మల కొలువులో ఒక చోటు దానికి హక్కుగా దక్కాలి.

ఉట్టి కింద ఖాళీ

కొండపల్లి బొమ్మకు ప్రాణం తెల్ల పొణికి కర్ర. చుట్టుపక్కల కొండల్లో పెరిగే ఈ చెట్టు కలప మెత్తగా ఉంటుంది, చేత పట్టుకుంటే బరువే తెలియదు. కర్రలోని చెమ్మ పోయేదాకా ఆరబెట్టి, సన్నటి సెగ మీద కాచి, ఆ తర్వాతే ఉలి పెడతారు. తల, మొండెం, చేతులు వేరువేరుగా చెక్కుతారు. చింతగింజల పొడినీ రంపపు పొట్టునూ కలిపి మక్కు తయారుచేసి, దాంతో ఆ ముక్కల్ని అతుకుతారు. అతుకు కనిపించకుండా ఆకురాయితో నునుపు చేసి, సున్నం పూత వేసి, ఆరాక రంగులు దిద్దుతారు. కళ్లు, కనుబొమలు దిద్దే పని చివర్లో. అప్పటిదాకా కర్రగా ఉన్నది ఆ రెండు గీతలతో మనవైపు చూడటం మొదలుపెడుతుంది.

కొండపల్లిలో ఈ పని తరాలుగా చేస్తున్నది ఆర్యక్షత్రియ కుటుంబాలు. తమ పూర్వికులు కొన్ని శతాబ్దాల కిందట రాజస్థాన్ ప్రాంతం నుంచి వచ్చారని వాళ్లు చెప్పుకుంటారు. ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. దశావతారాలు, అంబారీ ఏనుగు, తలాడించే నాట్యగత్తె, ఎడ్లబండి, తాటిచెట్టెక్కే గీత కార్మికుడు, మజ్జిగ చిలికే ఇల్లాలు, వడ్లు దంచే ఆడవాళ్లు... పేరుమోసిన ఈ వరుసంతా చదివితే పల్లె మొత్తం కళ్లముందుకొస్తుంది. ఏనుగుంది, ఎద్దుంది, చిలకుంది. పిల్లి మాత్రం ఈ పేరుమోసిన వరుసలో లేదు.

మజ్జిగ చిలికే చోట పిల్లి లేకుండా ఉంటుందా? వెన్న కుండ వేలాడే ఉట్టి కింద, తలెత్తి చూస్తూ పిల్లి లేని పల్లె ఏదైనా ఉందా? ఆ ఒక్క బొమ్మ చేరిస్తే కొలువులోని పల్లెకు నిండుదనం వస్తుంది. అదే బొమ్మను విడిగా తీసుకుంటే పిల్లిని పెంచే నేస్తానికి చక్కటి కానుక. పని కూడా కళాకారులకు కొత్తదేం కాదు. చతికిలబడిన పిల్లికి ఒక దిమ్మె చాలు. చెవులు, ముందుకాళ్లు, తోక మాత్రం విడిగా చెక్కి మక్కుతో అతకాలి. కష్టమంతా తోక దగ్గరే. సన్నటి వంపు మెత్తటి కర్రలో తొందరగా విరుగుతుంది. అందుకే తోకను ఒంటికి చుట్టి కూర్చోబెట్టడం మేలు. నిజం పిల్లి కూర్చునేదీ అలాగే.

ధర గురించి భయం అక్కర్లేదు. కొండపల్లిలో పెద్ద సెట్లు వేల రూపాయల్లో పలికినా, అరచేతిలో పట్టే విడి బొమ్మలు సామాన్యుడి చేతికి అందే ధరల్లోనే దొరుకుతాయి. రాష్ట్ర హస్తకళల సంస్థ లేపాక్షి దుకాణాల్లోనూ ఇవి ఉంటాయి. కానీ ‘మా ఇంటి పిల్లిలా తెలుపు మీద నల్ల మచ్చలు, కుడి చెవి నలుపు’ అని చెప్పి చేయించుకోవాలంటే మాత్రం బొమ్మల కాలనీకి వెళ్లి, ఫోన్‌లో ఫొటో చూపించి, మాట్లాడుకోవడమే మంచిది. ఏ యంత్రమూ ఇవ్వలేని సొగసు ఆ కుడి చెవి నలుపులో ఉంది.

లక్క, తోలు, అద్దకం

కొండపల్లి ఒక్కటే కాదు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అక్కడ అంకుడు కర్రను తిరిగే చట్రానికి బిగించి, గుండ్రంగా తరిగి, లక్కతో రంగు పట్టిస్తారు. చెట్ల బెరళ్లు, గింజలు, ఆకుల నుంచి తీసిన సహజ రంగులను ఈ బొమ్మల్లోకి మళ్లీ తెచ్చిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. ఏటికొప్పాక బొమ్మకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. గుండ్రటి తల, గుండ్రటి పొట్ట, రెండు చిన్న చెవులు: పిల్లి ఆకారం ఆ చట్రానికి సరిగ్గా సరిపోతుంది. పిల్లి తల ఉన్న బొంగరం, కుంకుమ భరిణె, తాళంచెవుల గుత్తి... ఇవన్నీ చిన్న ధరలో అందించగల వస్తువులే.

శ్రీసత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులున్నారు. వారిలో దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ అందింది. రాత్రంతా ఆట చూసే జనం తగ్గాక, అదే తోలు మీద అవే రంధ్రాలు పొడిచి, అవే రంగులు వేసి దీపాల గొడుగులు చేస్తున్నారు. వెలుగు ఆ రంధ్రాల్లోంచి గోడ మీద పడుతుంది. గోడ మీద పిల్లి నడిచినట్టు నీడ పడే దీపం పిల్లి ప్రియులకు ఎంత ముచ్చటైన కానుకో ఊహించండి. తోలు పని కాబట్టి ధర కాస్త ఎక్కువే, నలుగురు స్నేహితులు కలిసి ఇస్తే భారం కాదు.

ఇక కృష్ణా జిల్లా పెడన. కరక్కాయ నీళ్లలో ముంచిన నూలుగుడ్డ మీద, చెక్కిన కర్ర అచ్చులతో అద్దే కలంకారీ ఇక్కడిది. ఇనుపముక్కలను బెల్లం నీళ్లలో నానబెట్టి తీసే కసిమి నలుపు ఇస్తుంది. ఈ అద్దకంలో లతలు, నెమళ్లు, చిలకలు, ఏనుగులు చాలాకాలంగా ఉన్నాయి. పెడనకు దగ్గర్లోనే కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట మడ అడవుల్లో చేపలు పట్టి బతికే అడవిపిల్లి ఉంది. బావురుపిల్లి అంటారు. నీళ్లంటే బెదరదు, వేళ్ల మధ్య సగం దాకా పొర ఉంటుంది, బురదలో నడకకూ నీటిలో ఈతకూ అది సాయపడుతుంది. ప్రపంచవ్యాప్తంగా ముప్పు అంచున ఉన్న జీవి. కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవుల్లోనూ ఉంది. ఈ పిల్లినీ, దాని నోట్లో చేపనూ ఒక అచ్చుగా చెక్కించి చేతిరుమాళ్లు, కూరగాయల సంచులు, దిండు గలీబులు అద్దిస్తే? కానుకకు కానుక, మన తీరంలో అరుదైన జీవి ఉందన్న కబురూ ఇంటింటికీ చేరుతుంది. ఒకసారి అచ్చు చెక్కితే వందల గజాలు అద్దుకోవచ్చు గనుక ఒక్కో వస్తువుకు పడే ఖర్చు కూడా స్వల్పమే.

దొంగా? అమ్మా?

మన కళల్లో పిల్లికి ఆదరణ తక్కువగా ఉండటానికి కారణం ఉంది. మన కథలు దానికి దొంగ వేషం కట్టాయి. మహాభారతం ఉద్యోగపర్వంలో, దుర్యోధనుడు ఉలూకుడి ద్వారా పాండవులకు పంపిన కబురులో, దొంగ తపస్సు చేసి ఎలుకల్ని నమ్మించి తిన్న పిల్లి కథ ఉంది. హితోపదేశంలో దీర్ఘకర్ణమనే పిల్లి ముసలి గద్దను మాయమాటలతో నమ్మించి పక్షిపిల్లల్ని తింటుంది. మహాబలిపురంలో ఏడో శతాబ్దపు పల్లవ శిల్పులు పెద్ద బండ మీద గంగావతరణ ఘట్టం చెక్కుతూ, ఒక మూల చేతులు పైకెత్తి తపస్సు చేసే పిల్లినీ, దాని చుట్టూ ఎలుకల్నీ చెక్కారు. దేవతలూ మునులూ ఏనుగులూ నిండిన అంత గంభీరమైన శిల్పంలో పిల్లల చూపు మొదట పడేది ఆ పిల్లి మీదే. పదమూడు వందల ఏళ్ల కిందటి కొంటె కళ అది.

తెలుగువాళ్లకు తెనాలి రామకృష్ణుడి పిల్లి ఉండనే ఉంది. ఎలుకల బాధ పోగొట్టడానికి రాయలవారు ఇంటికో పిల్లినీ, దానికి పాల కోసం ఆవునూ ఇచ్చారట. రామకృష్ణుడు మొదటిరోజే మరిగే పాలు పెట్టి దాని మూతి కాల్చాడని, ఆ తర్వాత అది పాలగిన్నె కనిపిస్తే పారిపోయేదని కథ. చిన్నప్పుడు నవ్వుకుంటూ విన్నాం. ఈసారి పిల్లలకు చెప్పేటప్పుడు ఆ పిల్లి నొప్పి గురించి కూడా ఒక మాట చెప్పాలి. రాజు ఇచ్చిన కానుకలో ప్రాణం ఉంది, దాన్ని సాకే మనసు పుచ్చుకున్నవాడికి ఉందో లేదో ఎవరూ అడగలేదు.

ఇదంతా ఒకవైపు. రెండో వైపు పిల్లికి అమ్మ స్థానం ఇచ్చిన సంప్రదాయమూ మనదే. శ్రీవైష్ణవంలో శరణాగతిని వివరించడానికి రెండు పోలికలు చెబుతారు. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకోవాలి, అది మర్కటకిశోర న్యాయం. పిల్లికూన ఏమీ చేయనక్కర్లేదు, తల్లే నోట కరుచుకుని భద్రమైన చోటికి చేరుస్తుంది, అది మార్జాలకిశోర న్యాయం. భగవంతుడి దయను పిల్లితల్లి ప్రేమతో పోల్చారు పెద్దలు. పురిటి బిడ్డల్ని కాచే షష్ఠీదేవికి వాహనం కూడా పిల్లే.

కూనను నోట కరుచుకున్న తల్లిపిల్లి బొమ్మను కొత్తగా బిడ్డను కన్న అమ్మకు కానుకగా ఇచ్చి చూడండి. ఎన్ని వెండి గిన్నెలు వచ్చినా ఆ బొమ్మ చెప్పే మాట ఇంకేదీ చెప్పదు. నల్లపిల్లి ఎదురైతే ఆగిపోయే అలవాటు ఇంకా వదలని మన ఊళ్లలో, నల్లపిల్లి బొమ్మను గుమ్మం పక్కన ముచ్చటగా నిలబెట్టడం కూడా ఒక మంచి పనే. భయం తగ్గేది చూపు అలవాటైనప్పుడే.

పైసల బొమ్మ, అమూల్యమైన బొమ్మ

చవక బొమ్మంటే తక్కువ బొమ్మని అనుకోనక్కర్లేదు. పందొమ్మిదో శతాబ్దంలో కలకత్తా కాళీఘాట్ గుడి దగ్గర పటువాలనే చిత్రకారులు కాగితం మీద నాలుగు కుంచె విసుర్లతో బొమ్మలు గీసి, యాత్రికులకు పైసలకు అమ్మేవారు. వాటిలో జనం ఎక్కువ ముచ్చటపడిన బొమ్మల్లో ఒకటి నోట రొయ్యనో చేపనో కరుచుకున్న పిల్లి. కొన్ని బొమ్మల్లో దాని నుదుట నామం కూడా ఉంటుంది, దొంగ భక్తుల మీద చురక. యంత్రాల మీద అచ్చయిన రంగుల పటాలు ఇంకా చవకగా వచ్చిపడటంతో ఆ చేతిపని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అడుగంటింది. ఆ పైసల బొమ్మలే ఇవాళ లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో వందల సంఖ్యలో భద్రంగా ఉన్నాయి.

ఆ బాణీని చేతపట్టి పెద్ద చిత్రకారుడైనవాడు జామినీ రాయ్ (1887-1972). కళాశాలలో నేర్చిన పాశ్చాత్య తైలవర్ణ శైలిని పక్కనపెట్టి, మట్టిరంగులు, చింతగింజల జిగురుతో బొమ్మలు వేశాడు. పిల్లుల్ని ఎంతో ఇష్టంగా గీశాడు. మామూలు గుమాస్తా కూడా తన బొమ్మ కొని గోడకు తగిలించుకోవాలన్న పట్టుదలతో కావాలనే ధరలు తక్కువగా ఉంచాడు. కొండపల్లి మక్కులో ఉన్న చింతగింజే ఆయన రంగుల్లోనూ ఉంది. ఖరీదైన సరుకు లేకుండా గొప్ప కళ పుడుతుందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

జపాన్‌లో చేయెత్తి పిలిచే పిల్లి, మనేకి నెకో, ఎదో కాలం (17-19 శతాబ్దాలు) నుంచి ఉంది. కుడి చేయి ఎత్తితే ధనం, ఎడమ చేయి ఎత్తితే జనం వస్తారని వాళ్ల నమ్మకం. టొకొనామె అనే కుమ్మరుల ఊరు ఈ మట్టి పిల్లుల తయారీకీ పేరు తెచ్చుకుంది. మన దుకాణాల గల్లాపెట్టెల మీద చేయి ఊపుతున్న ప్లాస్టిక్ పిల్లి ఆ మట్టి పిల్లికే దూరపు చుట్టం. ఒక ఊరి కుమ్మరులు ఒక పిల్లి బొమ్మతో బతికారంటే, ఒక ఊరి వడ్రంగులు ఎందుకు బతకకూడదు?

ఆ జపాన్‌లోనే ఉటగావా కునియోషి అనే చిత్రకారుడు ఒళ్లో పిల్లికూనల్ని పెట్టుకుని పని చేసేవాడని చెబుతారు. ఎదో (ఇప్పటి టోక్యో) నుంచి క్యోటో వెళ్లే తొకైడో దారిలోని 53 మజిలీలనూ ఆయన పిల్లుల చేష్టలుగా గీశాడు. చెక్క అచ్చుల మీద తీసిన ఆ బొమ్మలు అప్పట్లో సామాన్యులు కొనుక్కునేవే.

ఆ ఆలోచనను మన దారికి అన్వయిస్తే ఎంత బాగుంటుంది! తిరువూరు దగ్గర మామిడికొమ్మ మీద కాలు వేలాడేసి నిద్రపోయే పిల్లి. ఒకప్పుడు నాటక సమాజానికి పేరుపొందిన మైలవరంలో కిరీటం పెట్టుకుని రాగం తీసే పిల్లి. కొండపల్లి ఖిల్లా గోడ మీద కాపలా కాసే పిల్లి. ఇబ్రహీంపట్నంలో థర్మల్ కేంద్రం పొగగొట్టాల వంక నోరెళ్లబెట్టి చూసే పిల్లి. నాలుగు ఊళ్లు, నాలుగు పోస్టుకార్డులు. బొమ్మలు గీసే హైస్కూలు పిల్లలు ఉన్న ఊరికి ఇది పెద్ద పని కాదు. స్థానిక ప్రెస్సులో అచ్చు వేయిస్తే ఒక సెట్టు ధర టీ, టిఫిన్ ఖర్చును దాటదు. అమెరికాలో ఉన్న మేనత్త కూతురికి తిరువూరు పిల్లి పోస్టుకార్డు అందితే అది కానుక మాత్రమే కాదు, పుట్టిన ఊరు ఇంటికొచ్చినట్టే.

చవక ఎవరికి భారం?

ధర తగ్గడం గురించి మాట్లాడేటప్పుడు ఇంగ్లండ్ చిత్రకారుడు లూయీ వేన్ (1860-1939) జీవితం గుర్తు చేసుకోవాలి. భార్య ఎమిలీ క్యాన్సర్‌తో మంచం పట్టింది. ఇంట్లో చేరదీసిన నలుపు తెలుపు పిల్లి పీటర్ ఆమెకు ఓదార్పు. ఆమెను నవ్వించడానికి ఆయన పీటర్ బొమ్మలు గీయసాగాడు. 1886లో ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్ క్రిస్మస్ సంచికలో ఆయన పిల్లుల విందు బొమ్మ వచ్చింది. మరుసటి ఏడాది ఎమిలీ కన్నుమూసింది. ఆపైన కళ్లద్దాలు పెట్టుకున్న పిల్లులు, టీ తాగే పిల్లులు, బంతాట ఆడే పిల్లులు పోస్టుకార్డుల మీద ఇంగ్లండంతా నిండిపోయాయి. ఒక తరం పిల్లుల్ని ప్రేమించేలా చేసింది ఆ బొమ్మలే.

కానీ ఆయన బొమ్మల మీద హక్కులు తన దగ్గర ఉంచుకోలేదు. వచ్చిన ధరకు ఇచ్చేశాడు. జనం కొన్న ఒక్కో కార్డు మీదా ఆయనకు దక్కింది శూన్యం. చివరికి మతి చలించి, 1924లో పిచ్చాసుపత్రిలో పేదల వార్డుకు చేరాడు. మరుసటి ఏడాది ఎవరో గుర్తుపట్టాక, రచయిత హెచ్.జి.వెల్స్ లాంటివాళ్లు విన్నపం చేసి విరాళాలు పోగుచేస్తే మంచి ఆసుపత్రికి మారాడు.

బొమ్మ చవకగా ఉండాలి, కళాకారుడి కూలి చవక కాకూడదు. మధ్యవర్తులు తగ్గితే, ముడిసరుకు దగ్గరదైతే, బొమ్మ చిన్నదైతే ధర దానంతటదే దిగుతుంది. గీసి గీసి బేరమాడి దించిన ధర మాత్రం ఎవరో ఒకరి పస్తులోంచి వస్తుంది. కొండపల్లిలో ఇప్పటికే పొణికి చెట్టు కొరత ఉంది. చెట్టు పెరగడానికి ఏళ్లు పడుతుంది, పని నేర్చుకోవడానికీ ఏళ్లు పడుతుంది. రెండూ తెలిసినవాళ్లు అడిగిన ధర ఇచ్చి కొంటారు. పిల్లిని సాకేవాళ్లకు ఓర్పు విలువ తెలుసు, అందుకే ఈ మాట మొదట వాళ్లకే చెప్పాలి.

చేతులుంటే చాలు

కొనే స్తోమత లేకపోయినా కానుకకు లోటు లేదు. మామిడి సీమలో వేసవి గడిచేసరికి ఇంటింటా టెంకలు మిగులుతాయి. తిన్న టెంకను బాగా కడిగి, ఎండలో గలగలలాడేదాకా ఆరబెడితే పైన పీచు లేచి బొచ్చులా నిలబడుతుంది. దానికి రెండు కళ్లు, ముక్కు దిద్ది, చీపురు పుల్లలతో మీసాలు గుచ్చితే పిల్లి ముఖం సిద్ధం. వెనక అయస్కాంతం ముక్క అతికిస్తే ఫ్రిజ్ తలుపు మీద నిలుస్తుంది. తాటిటెంక పీచు ఇంకా ఒత్తు, దానితో జడలబొచ్చు పిల్లి వస్తుంది. ఏటి ఒడ్డున దొరికే గుండ్రాయి ముడుచుకుని పడుకున్న పిల్లిగా మారడానికి రంగుల డబ్బా, ఒక సాయంత్రం చాలు. కాగితాల మీద బరువుగా పెట్టుకోవచ్చు. సంక్రాంతి ముగ్గుల్లో కోళ్లు, చేపలు, నెమళ్లు వేసే చేయి చుక్కల మధ్య పిల్లినీ తేలిగ్గా తిప్పగలదు. ఆ ముగ్గును కాగితం మీద వేసి చట్రం కట్టిస్తే గోడకు కళ వస్తుంది.

పిల్లికి నేరుగా ఇచ్చే కానుకలు ఇంకా చవక. చెక్క మొద్దుకు కొబ్బరితాడు బిగువుగా చుట్టి నిలబెడితే గోళ్లు గీరుకునే గుంజ తయారవుతుంది. గీరితే పాత గోరు పొర రాలి కొత్తది పదునెక్కుతుంది, తన వాసన గుర్తూ పడుతుంది. అందుకే గీరవద్దని కసిరినా మానదు, గుంజ ఇస్తే సోఫా బతుకుతుంది. గోనెసంచి మడతపెట్టి కుట్టినా పనికొస్తుంది. ఖాళీ అట్టపెట్టెకు ఒక కంత కోసి పెడితే చాలు, పిల్లి దూరిపోతుంది. నెదర్లాండ్స్‌లో ఒక ఆశ్రయ కేంద్రానికి కొత్తగా వచ్చిన పిల్లుల మీద 2014లో వచ్చిన అధ్యయనం, దాక్కోవడానికి పెట్టె ఉన్న పిల్లులు త్వరగా కుదుటపడ్డాయని తేల్చింది. పిల్లి కంటికి ఎరుపు సరిగా ఆనదు. నీలం, పసుపు బాగా కనిపిస్తాయి. గుడ్డతో బంతి కుడితే ఆ రంగులు ఎంచుకోండి.

వీటన్నిటికీ రాణి మురిపిండి మొక్క. కుప్పింటాకు అని కూడా అంటారు. ఖాళీ స్థలాల్లో, గోడల మొదట్లో దానంతటదే మొలుస్తుంది. దాని వేరు తవ్వి పైకి తీస్తే వాసనకు పిల్లి పరుగెత్తుకొస్తుంది. నాకుతుంది, దొర్లుతుంది, పిల్లిమొగ్గలు వేస్తుంది. విదేశాల్లో పిల్లుల కోసం అమ్మే క్యాట్‌నిప్ ఆకులో ఉండే పదార్థానికి దగ్గరి చుట్టం లాంటిది ఈ వేరులోనూ ఉంది. పురుగుమందు పడని చోట తవ్వి, మట్టి కడిగి, తాజాగా ఇవ్వాలి. పైసా ఖర్చు లేని కానుక.

ఇవి మాత్రం వద్దు

ప్రాణమున్న పిల్లికూనను చెప్పకుండా తెచ్చి కానుకగా ఇవ్వకండి. పెంచుకున్న పిల్లి పదిహేనేళ్లు బతకగలదు. అంత కాలపు బాధ్యతను ఎవరైనా తామే ఆలోచించి తీసుకోవాలి. ఇప్పటికే పిల్లి ఉన్న ఇంటికైతే టీకాల ఖర్చు, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఖర్చు భరిస్తామని చెప్పడం గొప్ప కానుక. రేబిస్ టీకా పిల్లినీ, ఇంటిల్లిపాదినీ కాపాడుతుంది.

దారపు ఉండలు, రిబ్బన్లు, తళుకు తీగలు పిల్లి దగ్గర వదలకూడదు. మింగితే పేగుల్లో చుట్టుకుని ప్రాణం మీదికి వస్తుంది. బొకేల్లో వచ్చే పెద్ద రేకుల విదేశీ లిల్లీలు ఆ ఇంటికి తీసుకెళ్లొద్దు, వాటి పుప్పొడి నాకినా పిల్లి మూత్రపిండాలు పాడవుతాయి. మన దండల్లో కట్టే తెల్లటి లిల్లీ వేరు, అది ఈ జాతి కాదు. పాల డబ్బాలు కూడా వద్దు. పెరిగిన పిల్లుల్లో చాలావాటికి ఆవుపాలు అరగవు. పిల్లి మెడలో గంట కట్టాలనుకుంటే, ఎక్కడైనా చిక్కుకుంటే దానంతటదే ఊడిపోయే పట్టీ కొనండి. రంగులేసిన కర్ర బొమ్మలు మనుషులు చూసుకోవడానికి. పిల్లి కొరికే చోట పెట్టకండి.

ఎవరికి ఏది బాగుంటుంది?

బడి పిల్లలకు: మామిడిటెంక పిల్లి, గుండ్రాయి పిల్లి. చేయడం కూడా వాళ్లతోనే.

కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకు: ఏటికొప్పాక లక్క పిల్లి. బల్ల మీద కొంచెం చోటు చాలు.

పురిటి ఇంటికి: కూనను కరుచుకున్న తల్లిపిల్లి.

కొత్త దంపతులకు: బావురుపిల్లి అద్దకంతో దిండు గలీబుల జత.

పెంచుకున్న పిల్లిని పోగొట్టుకున్నవాళ్లకు: ఆ పిల్లి మచ్చలతోనే చేయించిన పొణికి బొమ్మ. ఓదార్పు మాటలు ఎన్నాళ్లో నిలవవు, ఇది నిలుస్తుంది.

అడగడమే మొదటి పని

చేతివృత్తి బతికేది గిరాకీ మీద. ఎవరూ అడగని బొమ్మను ఏ కళాకారుడూ చెక్కడు. చెక్కి అమ్ముడుపోకపోతే ఆ కర్ర, ఆ రోజు కూలి రెండూ నష్టం. అందుకే మొదటి అడుగు కొనేవాళ్లదే. తిరువూరు, మైలవరం, విస్సన్నపేట వైపు పిల్లుల్ని పెంచే నలుగురు కలిసి, సంక్రాంతి కొలువుకు రెండు మూడు నెలల ముందే, ఒకే రకం పిల్లి బొమ్మలు పాతికో యాభయ్యో చేసిపెట్టమని కొండపల్లిలో అడగవచ్చు. ఒకేసారి ఎక్కువ చేస్తే కర్ర వృథా తగ్గుతుంది, ఒక్కోటి ధరా తగ్గుతుంది, కళాకారుడి రాబడి మాత్రం తగ్గదు. సగం డబ్బు ముందుగా ఇస్తే వాళ్లు కర్ర కొనుక్కోవడానికి అప్పు చేయనక్కర్లేదు. బొమ్మ కింద చేసినవారి పేరు రాయమని అడగండి. లూయీ వేన్‌కు జరిగిన అన్యాయం మన దగ్గర జరక్కుండా ఉండాలంటే ఆ పేరు ముఖ్యం.

కొండపల్లి కళాకారులు తాటిచెట్టును, ఎడ్లబండిని, మజ్జిగ కవ్వాన్ని బొమ్మలుగా చేశారంటే కారణం అవి వాళ్ల కళ్లెదుట ఉన్న జీవితం కావడమే. మన కాలపు ఇంట్లో కళ్లెదుట ఉన్నది పిల్లి. దాన్ని బొమ్మగా చేయమని అడగడం సంప్రదాయాన్ని మార్చడం కాదు, కొనసాగించడం. బెజవాడ బస్సు ఈసారి కొండపల్లిలో ఆగినప్పుడు దిగండి. ఫోన్‌లో మీ పిల్లి ఫొటో చూపించండి. చెప్పిన ధర ఇవ్వండి.